‘ముందు రంగులు చూడు’ అనే కంపెనీలో ఏం చేయాలి?
తిరుపతిలో గదుల బుకింగ్ యాప్ చేసే మీ కంపెనీలో, డిజైనర్‌గా మీరు యాప్ వాడేవాళ్ల ఇబ్బందులు ఎంత చెప్పినా ‘ముందు రంగులు చూడు’ అంటున్నారని, పనిలో తృప్తి లేక ఉద్యోగం మానేయాలనిపిస్తోందని రాశారు. నేనూ అలాంటి చోటే నాలుగేళ్లు పనిచేశాను. స్లైడ్లు చూపించి వాదించినంత కాలం నా మాట ఒక్కరూ చెవిన పెట్టలేదు.

ఒక రోజు బస్టాండులో ఒక పెద్దాయన చేతికి మా యాప్ ఇచ్చి, ఆయన అనుమతి తీసుకునే వీడియో తీశాను. పుట్టిన తేదీ దగ్గర క్యాలెండర్ ఆ నెలతోనే తెరుచుకుంది. 1957కు చేరాలని ఒక్కో నెలా వెనక్కి జరుపుతూ వెళ్లి, 2019 దగ్గర విసిగి, ‘నువ్వే నొక్కు నాయనా’ అని ఫోను చేతిలో పెట్టేశాడు. సమావేశంలో అది చూశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తేదీని నేరుగా అంకెల్లో రాసే గడి ఆ వారంలోనే వచ్చింది.

ఇందుకు వందల మంది అక్కర్లేదు. అయిదుగురితో పరీక్షిస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని, వెబ్‌సైట్లు, యాప్‌లు వాడటం ఎంత తేలికో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2000లోనే లెక్క చెప్పారు. అలా పరీక్షించడానికి వెళ్లేటప్పుడు ఒక డెవలపర్‌ను వెంటబెట్టుకోండి. మేనేజరును ఒప్పించడం కంటే డెవలపర్‌ను ఒప్పించడం తేలిక.

తృప్తి అంటారా, కంపెనీ మొత్తాన్ని మార్చే బరువు నెత్తికెత్తుకోకండి. నెలకు యాప్‌లో ఒక్క తెర బాగుపడితే చాలు, నాకు హాయిగా నిద్ర పట్టేది. ఆరు నెలలు ఇలా చేసినా వీడియో చూడటానికైనా ఎవరూ రాకపోతే, అప్పుడు రాజీనామా రాయండి.