గుంటూరులో కాలవల వాన నీటిని పట్టి మళ్లీ వాడే పథకానికి నిధులు ఎలా అడగాలి?

పట్టణాల నీటి పనులకు కేంద్రం డబ్బిచ్చే పథకం అమృత్ 2.0. దాని నిబంధనల్లో లక్ష నుంచి 10 లక్షల జనాభా ఉన్న నగరానికి కేంద్రం వాటా మూడో వంతు. గుంటూరు ఈ కోవలోదే. 2021 అక్టోబరులో మొదలైన ఐదేళ్ల పథకం కాబట్టి ముందు గడువు చూసుకోండి. ‘డ్రెయిన్లు కట్టాలి’ అని రాస్తే లాభం లేదు, చెరువు పునరుద్ధరణ కింద పెట్టాలి. మురుగు చేరని చెరువులోకి వాన నీటిని మళ్లించే పనులకు అందులో చోటుంది.

చిక్కంతా ఆ ‘మురుగు చేరని’ దగ్గరే. మండుటెండలో కూడా సైడు కాలవ పారుతోందంటే అది వంటిళ్ల, స్నానాల గదుల నీరే. వాన లేని రోజు పొద్దున 7 గంటలప్పుడు, వాడకం ఎక్కువున్నప్పుడు, ఆ ప్రవాహం కొలవండి. దాన్ని మురుగు లైనుకు తిప్పే అడ్డుగోడ, గేటు, చెరువుకు ముందు పూడిక పట్టే తొట్టి అంచనాలో లేకపోతే రెండో ఏడాదికే చెరువు కంపు కొడుతుంది.

నీటి లెక్క తేలికే: హెక్టారుపై 10 మి.మీ. వాన అంటే లక్ష లీటర్లు. డాబాలు, సిమెంటు రోడ్లున్న చోట సుమారు 70 వేలు కాలవకు చేరతాయి.

ఇంకుడు గుంతలను నమ్ముకోకండి. తడిసిన నల్లరేగడి ఉబ్బి నీటిని దిగనివ్వదు. కింద ఇసుక పొర తగిలేదాకా బోరు దించాలి, లేదంటే నిల్వే మేలు.

పూడికతీతకు ఏటా కార్పొరేషన్ బడ్జెట్‌లోనే డబ్బు చూపించాలి.