డీ అడిక్షన్ డాక్టర్‌గా కెరీర్ ఉంటుందా?

ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నానని, డీ అడిక్షన్ (తాగుడు, మత్తు అలవాట్లు మాన్పించే వైద్యం) వైపు రావాలనుందని మీరు అన్నారు. తాగేవాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పడానికి డాక్టర్ చదువు ఎందుకని ఇంట్లో అంటున్నారని రాశారు. నేను హైదరాబాద్‌లో సైకియాట్రిస్ట్‌ని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా మద్యం, కల్లు, గంజాయి కేసులే. కెరీర్ ఉంటుంది, నిశ్చింతగా రండి.

మంచి మాటల వంతు తర్వాత వస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పి, లేని మనుషులు కనిపిస్తారు. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించి, ఆలస్యంగా తీసుకొస్తారు. ఆ స్థితిలో ప్రాణం పోవచ్చు. ఈ లక్షణాలను అణిచే డయజిపామ్ ఎంత ఇవ్వాలి, లివర్ దెబ్బతింటే అదే రకం మందైన లోరాజిపామ్‌కి ఎప్పుడు మారాలి, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ (విటమిన్ బీ1) ఎందుకు ఎక్కించాలి, ఇదంతా వైద్యమే.

మన దగ్గర కల్లు సంగతి మరీ వేరు. పుస్తకాల్లో పెద్దగా దొరకదు. చాలాచోట్ల అమ్మే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం, డయజిపామ్ లాంటివి కలుపుతారు. "కల్లే కదా సార్, ఒంటికి చలవ" అంటారు పేషెంట్లు. వాళ్లు అలవాటుపడింది మత్తు మాత్రలకని వాళ్లకే తెలియదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడూ, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడూ, ఆ మత్తు ఒక్కసారిగా అందక హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పేషెంట్లు వరసకట్టారు. కల్తీని ఆపాల్సిందే. కానీ దుకాణం మూసే రోజుకే ఆ ఊరి పీహెచ్‌సీలో మందులూ, వాటిని వాడటం తెలిసిన డాక్టరూ సిద్ధంగా ఉండాలి. పబ్లిక్ హెల్త్ తెలిసిన డాక్టర్ల కొరత నాకు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. 2019 జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికే.

"ఆయనకు తెల్వకుండా కూరల కలిపే గోలీలు రాయుండ్రి సార్" అని ఆడవాళ్లు బతిమాలుతారు. రాయకండి. ఆ గోలీ డైసల్ఫిరామ్, అది వాడుతూ మద్యం తాగితే ఒంటికి పడదు. పేషెంట్‌కి చెప్పకుండా పెడితే, అది తెలియక తాగినప్పుడు బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. ఆమె బాధ నిజం, అందుకే ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడాలి. గంజాయి కేసుల్లో తల్లిదండ్రులు పోలీసులకు భయపడి దాచిపెడతారు. తనంతట తాను చికిత్సకు వచ్చే బాధితుడికి మత్తుపదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ కొన్ని షరతులతో రక్షణ ఇస్తుంది. ఇది మనమే చెప్పాలి.

దారి: ఎండీ సైకియాట్రీ మూడేళ్లు. ఆ తర్వాత కావాలంటే డీఎం అడిక్షన్ సైకియాట్రీ ఇంకో మూడేళ్లు; నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి చోట్ల ఉంది. ఊళ్ల స్థాయిలో పనిచేయాలనుకుంటే కమ్యూనిటీ మెడిసిన్ కూడా మంచిదే. సంపాదన కార్డియాలజీ అంత ఉండదు, ఇంట్లో ఆ మాట ముందే చెప్పేయండి.

పీజీ సీటుకు ఆప్షన్లు పెట్టేముందు సైకియాట్రీ పోస్టింగ్‌లో కొన్నాళ్లు ఓపీలో కూర్చోండి. ముఖ్యంగా ఆపి, మళ్లీ తాగి, మూడోసారి వచ్చినవాళ్లతో మాట్లాడండి. మన ఓపీలో ఎక్కువమంది వాళ్లే.