లెప్టిన్ ఒక ల్యాబ్‌లో 31, ఇంకో ల్యాబ్‌లో 46.. ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 34, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. ఫుల్ బాడీ చెకప్‌లో లెప్టిన్ 31 వచ్చింది, పక్కన హై అని రాశారు. టెన్షన్ పడి ఇంకోచోట చేయిస్తే 46. మా తమ్ముడు రీసెర్చ్ ల్యాబ్‌లో పనిచేస్తాడు, అక్కడున్న ఎలైజా కిట్‌తో మళ్లీ చూస్తానంటున్నాడు. చేయించుకోనా? లెప్టిన్ తగ్గించే మాత్రలేమైనా ఉన్నాయా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మూడోసారి వద్దండీ. చేయిస్తే మూడో అంకె వస్తుంది, అంతే.

లెప్టిన్ మన ఒంట్లోని కొవ్వు కణాల నుంచే వచ్చే ప్రోటీన్. నిల్వ ఎంతుందో మెదడుకు చెప్పడం దాని పని, కాబట్టి కొవ్వు ఎక్కువుంటే అదీ ఎక్కువే ఉంటుంది, అందులోనూ ఆడవాళ్లలో మగవాళ్ల కంటే ఎక్కువ. మీ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క) 33కి దగ్గర్లో ఉంది, అది బాగా ఎక్కువే. అంటే ఆ రిపోర్టు చెప్పిన విషయం ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ముందే చెప్పేసింది.

ఇక రెండు అంకెల సంగతి. లెప్టిన్‌ని సాధారణంగా ఎలైజా లాంటి యాంటీబాడీ పరీక్షలతోనే కొలుస్తారు. ఎలైజా ప్లేటులో 96 చిన్న గుంటలుంటాయి, వాటి అడుగున అంటించిన యాంటీబాడీ మీ రక్తంలోని లెప్టిన్‌ని పట్టుకుంటుంది, దాని మీద ఇంకో యాంటీబాడీ వేసి రంగు తెప్పిస్తారు, ఆ రంగు ఎంత ముదిరిందో మిషన్ చూసి, ముందే మోతాదు తెలిసిన శాంపిళ్లతో పోల్చి లెక్క కడుతుంది. కంపెనీ మారితే ఆ యాంటీబాడీలూ, పోల్చే శాంపిళ్లూ మారతాయి. అందుకని రెండు ల్యాబులూ పని సరిగ్గానే చేసి ఉండొచ్చు. పైగా లెప్టిన్ రాత్రిపూట పెరుగుతుంది, ఎక్కువసేపు తినకపోతే పడిపోతుంది. మీ తమ్ముణ్ని ఆ కిట్ పెట్టె ఒకసారి చూడమనండి, చాలావాటి మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసే ఉంటుంది. వందమంది శాంపిళ్లు ఒకే కిట్‌తో చేసి పోల్చుకునేవాళ్లకి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, మీ ఒక్కరికి మందు రాయడానికి కాదు.

మాత్రల విషయానికొస్తే, 1994లో లెప్టిన్ జన్యువు దొరికినప్పుడు లావు సమస్య తీరిపోయిందనే అనుకున్నారు. పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలకు ఇంజెక్షన్ ఇస్తే నిజంగానే ఆకలి అదుపులోకొచ్చింది, కానీ వాళ్లు చాలా అరుదు, పసితనం నుంచే ఆగని ఆకలి, విపరీతమైన బరువు ఉంటాయి. మామూలుగా లావైనవాళ్లలో లెప్టిన్ ముందే దండిగా ఉంటుంది, ఇంకా ఇచ్చినా పెద్దగా బరువు తగ్గలేదు. ‘లెప్టిన్ రెసిస్టెన్స్’ అనేది దీన్నే. దాన్ని సరిచేస్తామని ఆన్‌లైన్‌లో అమ్మే డబ్బాలు కొనకండి. బరువు తగ్గితే లెప్టిన్ దానంతటదే తగ్గుతుంది.

మీకు నిజంగా కావాల్సినవి చవకైన పరీక్షలే: బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, లివర్ టెస్టులు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). నడుము కొలత కూడా చూసుకోండి, మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య వస్తే షుగర్ గుమ్మంలో ఉన్నట్టే, ఫిజీషియన్‌ని కలవండి. నెలసరి సరిగ్గా రాకపోతే గైనకాలజిస్టుకి కూడా చూపించుకోండి, మీరు ఆ సంగతి రాయలేదు.

ఇంకొకటి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తం ఇచ్చేముందు కనీసం రెండు రోజులు ఆపి, ల్యాబ్‌లో ఆ మాట చెప్పండి. బయోటిన్ వాడే కిట్లలో దానివల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించొచ్చు.