వాయిస్ ఓవర్ డబ్బులు ఎగ్గొట్టాడు, 420 కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కావలి. ఇంట్లోనే వాయిస్ ఓవర్ మొదలుపెట్టి, 2023 మార్చి నుంచి హైదరాబాద్‌లో ఒకాయన యూట్యూబ్ ఛానల్‌కి 42 కథలు చదివాను, కథకి 800. పిల్లలు పడుకున్నాక ఫ్యాన్ ఆపేసి దుప్పటి కప్పుకుని చెమటలు కారుతూ రికార్డ్ చేసేదాన్ని. ఆఖరి ఫైలు 2023 నవంబర్ 9న పంపాను. 2024 ఆగస్టులో 5,000 ఫోన్‌పే చేశాడు, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. చాటింగ్ అంతా పాత ఫోన్లో ఉండేది, అది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను. 420 కేసు పెడితే పరిగెత్తుకుంటూ వస్తాడని మా బావ అంటున్నాడు.

జవాబు: అమ్మా, ఫ్యాన్ సంగతి కోర్టు అడగదు, తేదీలు అడుగుతుంది. డబ్బులు ఎప్పుడివ్వాలో మాట్లాడుకోకపోతే దావా వేయడానికి పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లే గడువు, అదీ ఏ కథకి ఆ కథే విడిగా లెక్కేయాలని అవతలి లాయరు వాదిస్తాడు, అంటే మార్చి కథల గడువు 2026 మార్చితోనే సరి, ఆఖరిదానికి నవంబర్ దాకా. ఐదు వేలు వేశాడు గదా మళ్ళీ మూడేళ్లు వస్తాయిలే అనుకోవద్దు, లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 కింద ఆ కట్టినట్టు ఆయన చేతిరాతో, ఆయన సంతకమున్న కాగితమో ఉండాలి, ఒట్టి ఫోన్‌పే ఎంట్రీతో పని జరగడం కష్టం.

ఫోను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశానని ఒక్క ముక్క రాసి వదిలేశారు చూడండి, మీ ఉత్తరంలో నాకు గుండె ఆగింది అక్కడే. డబ్బులు రావాల్సిన చాటింగ్ ఉన్న ఫోన్ని ఎవరైనా అలా ఇచ్చేస్తారా? మీ జీమెయిల్ ఖాతాకున్న గూగుల్ డ్రైవ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఉందేమో ఈ రోజే చూడండి, ఫైళ్లు మెయిల్లో పంపుంటే సెంట్ మెయిల్స్ డిలీట్ చేయకండి, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. ఇవి కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుల ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేయాలి, స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకెళ్తే చాలదు.

బావగారి సలహా మాత్రం వద్దే వద్దు. మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉంటేనే చీటింగ్, ఐదు వేలు ఇచ్చాడంటే ఆ ఉద్దేశం లేదని ఆయనే చూపిస్తాడు. స్టేషన్ల చుట్టూ తిరిగేలోపు మీ సివిల్ గడువు కాస్తా పోతుంది.

ఇప్పుడు ఫోన్ చేయకుండా మెయిల్ పెట్టండి: '42 కథలకి 33,600, ముట్టింది 5,000, బాకీ 28,600, ఎప్పుడిస్తారు?' గడువు లోపల ఆయన 'వచ్చే నెల ఇస్తా' అని రాతపూర్వకంగా జవాబిచ్చాడా, బాకీ ఒప్పుకున్నట్టే అని వాదించడానికి మనకి పట్టు దొరుకుతుంది. జవాబు రాకపోతే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, కావలి కోర్టులో న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టండి, లోక్ అదాలత్‌కి పిలిపిస్తే కోర్టు ఫీజు కూడా ఉండదు. నోటీసు ఇచ్చినా గడువు ఆగదు, ఆయన రాకపోతే తేదీ దాటకముందే దావా వేసేయండి.