మార్కెట్ పడిపోయిందని బిల్డర్ పని ఆపేస్తే

ప్రశ్న: ఊరి నడిబొడ్డున ఉన్న మా పాత దుకాణాల భవనాన్ని కూల్చి కాంప్లెక్స్ కట్టడానికి, మేం నలుగురు వాటాదారులం ఒక బిల్డర్‌తో రిజిస్టర్డ్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ చేసుకున్నాం. మూడేళ్ల గడువు దాటి రెండేళ్లయింది, పని పునాదుల దగ్గరే ఆగింది. మధ్యలో ఇస్తానన్న అద్దె కూడా ఆరు నెలలుగా రావట్లేదు. "మార్కెట్ పడిపోయింది, బ్యాంకులు అప్పివ్వట్లేదు, ఇది ఫోర్స్ మజూర్" అంటున్నాడు. ఆయనకు మేం రాసిచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మా తరఫున వ్యవహరించే అధికార పత్రం) రద్దు చేసేయవచ్చా?

జవాబు: ఆ మాట విని ఊరుకోకండి. ఫోర్స్ మజూర్, అంటే ఎవరి చేతిలోనూ లేని విపత్తు వల్ల పని ఆగింది అని నోటితో అంటే సరిపోదు, మీ అగ్రిమెంట్‌లో ఆ క్లాజు ఉందా, ఉంటే అందులో ఏమేం రాశారు అన్నది ముందు చూడాలి. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం 6వ సెక్షన్ ఫోర్స్ మజూర్ కింద చెప్పేది యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం, ఇతర ప్రకృతి వైపరీత్యాలు. అందులో మాంద్యం లేదు. 2020లో రెరా ప్రాజెక్టులకు గడువు పెంచింది కూడా కోవిడ్ వల్లే. మీ క్లాజులో మాంద్యం మాట లేకపోతే ఇక ఆయనకు మిగిలేది కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్, అంటే పని అసాధ్యమైపోయిందని నిరూపించడం. ఖర్చు పెరగడం, లాభం తగ్గడం అసాధ్యం కిందికి రావు. విదేశీ బొగ్గు ధర పెరిగిన కేసులో 2017లో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టంగా చెప్పింది.

జీపీఏ విషయంలో మాత్రం తొందరపడొద్దు. బిల్డర్‌కు ఆస్తిలో హక్కు ఏర్పడేలా రాసిన జీపీఏని కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ ప్రకారం మీ అంతట మీరు రద్దు చేయడం కష్టం, అలా చేస్తే తప్పు మీ మీదికి తిప్పుతాడు. ముందు నలుగురూ కలిసి లీగల్ నోటీసు ఇవ్వండి. ఎన్నాళ్లలో పని మొదలుపెట్టాలో, అద్దె బాకీ ఎంతో, పని మొదలుకాకపోతే అగ్రిమెంట్ ముగిస్తామని అందులో ఉండాలి. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ (గొడవను మధ్యవర్తి తేల్చాలనే) క్లాజు ఉంటే, ఈలోగా స్థలాన్ని వేరేవాళ్లకు తాకట్టు పెట్టకుండా ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ కింద కోర్టు నుంచి ఆర్డర్ అడగవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని కొందరు చెబుతారు గానీ, ఇవి దుకాణాలు కదా, వాణిజ్య అవసరం అనే అభ్యంతరం తప్పకుండా వస్తుంది.

నాకు అన్నిటికన్నా భయంగా ఉన్నది ఇంకొకటి. బిల్డర్ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే మారటోరియం (కంపెనీ మీద వసూళ్లు, కేసులు ఆపే నిషేధం) వస్తుంది, స్థలం ఆయన చేతిలో ఉన్నంతకాలం మీరు వెనక్కి తీసుకోలేరు. ముంబైలో ఒక పునరాభివృద్ధి ప్రాజెక్టు విషయంలో 2020లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది, అక్కడ స్థలం ఒక ప్రభుత్వ సంస్థదైనా సరే. కాబట్టి "మార్కెట్ కోలుకోనీ, చూద్దాం" అని ఆగకండి. ఆ కంపెనీ మీద దివాలా పిటిషన్ ఏదైనా ఉందేమో ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు వినే ట్రిబ్యునల్) వెబ్‌సైట్‌లో ఈ రోజే చూడండి, అగ్రిమెంట్, జీపీఏ, అద్దె జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకుని ఈ వారంలోనే మీ దగ్గరి లాయరును కలవండి.