నెల రోజుల దగ్గుకు కోవిడ్ నాటి చీటీ వాడుతున్నారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది బాపట్ల దగ్గర ఒక పల్లె. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. 2021 మే నెలలో మా మామయ్య గారు కోవిడ్‌తో చనిపోయారు. అప్పుడు ఇంట్లో మిగతా వాళ్లకీ పాజిటివ్ వచ్చింది. పాలు పోసే ఆవిడ మా వీధిలోకి రావడం కూడా మానేసింది. ఇప్పుడు టీవీలో కొత్త వేరియంట్ అనే మాట వినిపిస్తే చాలు, అందరికీ టెన్షన్ మొదలవుతోంది. మళ్లీ బూస్టర్ వేయించుకోవాలా? ఇంట్లో ఏయే మందులు రెడీగా పెట్టుకోవాలి? రోజూ మిరియాలు, శొంఠి కషాయం తాగుతున్నాం, మంచిదేనా? మా అత్తయ్య గారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. నెల రోజులుగా కొంచెం దగ్గు, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోంది, కాస్త చిక్కారు. అప్పట్లో మామయ్య గారికి రాసిన చీటీ చూపించి అజిత్రోమైసిన్, మెడ్రాల్ తెచ్చి ఇస్తున్నాం. వేస్తే తగ్గుతోంది, ఆపితే మళ్లీ వస్తోంది. ఆసుపత్రికి రమ్మంటే రానంటున్నారు. బయట తెలిస్తే మళ్లీ అప్పటిలా దూరం పెడతారేమోనని మేమూ ఎవరికీ చెప్పలేదు. మాకు నాలుగేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలున్నారు.
– ఒక పాఠకురాలు, బాపట్ల జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నలకు చివర్లో చెబుతాను. ముందు అత్తయ్య గారి సంగతి. మీరు ఏదో మాటవరసకు రాసినట్టు రాశారు గానీ, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. షుగర్ ఉన్న మనిషి, నెల రోజుల దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. ఇవన్నీ కలిసి కనిపిస్తే మేం ముందుగా అనుమానించేది టీబీని, కోవిడ్‌ని కాదు. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మనిషిని చూడకుండా, ఎక్స్‌రే లేకుండా ఇదే జబ్బు అని నేను చెప్పలేను. చెప్పకూడదు కూడా. ఆస్తమా కావచ్చు, గుండె సమస్య కావచ్చు, ఊపిరితిత్తుల్లో మరేదైనా కావచ్చు. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడుతుంటే వాటి వల్ల కూడా పొడి దగ్గు వస్తుంది, అయితే దానికి జ్వరం రాదు, మనిషి చిక్కిపోరు. ఏదైనా సరే, రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి. మీరు నాలుగు వారాలు ఆగారు. ఇంకో వారం ఆగొద్దు.

ఇక మెడ్రాల్. అది స్టెరాయిడ్. వేసిన రోజు జ్వరం దిగుతుంది, దగ్గు నెమ్మదిస్తుంది, ఆకలి వేస్తుంది, మనిషి లేచి తిరుగుతారు. అందుకే ఇంట్లో వాళ్లు మందు పనిచేసిందని నమ్ముతారు. లోపల జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. టీబీయే అయితే, దాన్ని అదుపులో ఉంచే రోగనిరోధక శక్తిని ఈ మాత్రే తగ్గిస్తుంది. పైగా షుగర్‌ను బాగా పెంచుతుంది. అత్తయ్య గారి షుగర్ ఎంతుందో మీరు రాయలేదు. ఈ నెలలో ఒక్కసారైనా చూశారా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, దయచేసి నిదానంగా చదవండి. మొత్తం ఎన్ని రోజులు, ఎంత మోతాదులో ఇచ్చారో నాకు తెలియదు. స్టెరాయిడ్‌ను రెండు మూడు వారాలకు మించి వాడితే, శరీరం సొంతంగా తయారు చేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. అప్పుడు మాత్రను ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోవచ్చు, వాంతులు, లేవలేనంత నీరసం రావచ్చు. కాబట్టి నేను రాసింది చదివి ఇవాళే ఆపేయకండి. పెంచకండి కూడా. స్ట్రిప్పులన్నీ, ఖాళీవి సహా, పట్టుకొని రేపే దగ్గర్లోని ఎంబీబీఎస్ డాక్టర్‌కి చూపించండి. ఎలా తగ్గించాలో ఆయన లెక్కేసి చెబుతారు.

ఆ చీటీ మామయ్య గారికి రాసింది. 2021లో, ఆయన జబ్బుకు, బహుశా ఆయనకు ఆక్సిజన్ తగ్గినప్పుడు. బ్రిటన్‌లో కోవిడ్ మందులను రోగుల మీద పరీక్షించిన ‘రికవరీ’ అనే ట్రయల్ ఫలితాలు 2020 జూన్‌లో వచ్చాక మేమంతా కోవిడ్‌లో స్టెరాయిడ్ వాడటం మొదలుపెట్టాం. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మరణాలను సుమారు మూడో వంతు తగ్గించింది, ఆక్సిజన్ మాత్రమే పెట్టినవాళ్లలో ఐదో వంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఏ మేలూ కనిపించలేదు. ఈ చివరి మాట జనంలోకి వెళ్లలేదు. చీటీల ఫొటోలు మాత్రం ఫోన్ నుంచి ఫోన్‌కి వెళ్లిపోయాయి. అజిత్రోమైసిన్ సంగతీ అంతే, కోవిడ్‌కి అది పనిచేయదని అదే ట్రయల్‌లో తేలింది. అయినా ఇవాళ్టికీ ఏ మెడికల్ షాపు దగ్గర పది నిమిషాలు నిలబడినా, దగ్గుకు అజిత్రోమైసిన్ అడిగేవాళ్లు కనిపిస్తారు.

2021 మే, జూన్ నెలలు నేను మర్చిపోలేను. బ్లాక్ ఫంగస్ కేసులు ఎంత పెరిగాయంటే, తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ కేసులకు నోడల్ కేంద్రం చేసింది. అదుపులో లేని షుగర్, దానికి తోడు స్టెరాయిడ్, చాలామందిలో కారణం ఈ రెండే. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఆటో నడిపే ఒకాయన ఉన్నారు. ఆక్సిజన్ 98 ఉండగానే, జ్వరం వచ్చిన రెండో రోజు నుంచి బావమరిది పంపిన చీటీ ప్రకారం స్టెరాయిడ్ వేసుకున్నారు. షుగర్ ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. చివరికి ఎడమ కన్ను, పై దవడలో కొంత భాగం తీసేయాల్సి వచ్చింది. ఇప్పటికీ చెకప్‌కి వస్తారు. అందుకే పాత చీటీ అన్న మాట చదవగానే నాకు ఇంత ఆందోళన.

మీకు ఇంకొకటి కూడా చెప్పాలి. దగ్గుకు షాపులో లివోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా ఇస్తుంటారు. అవి టీబీ క్రిమి మీద కొంచెం పనిచేస్తాయి. కొంచెమే. దాంతో నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు, మందుకు లొంగని టీబీగా మారే ప్రమాదం కూడా ఉంది. అత్తయ్య గారికి అలాంటివి ఇచ్చి ఉంటే డాక్టర్ దగ్గర దాచకండి. తిడతారని భయపడకండి, తిట్టినా చెప్పండి.

దగ్గు విషయం ఎవరికీ చెప్పలేదన్నారు. దానికి మిమ్మల్ని తప్పుపట్టలేను. 2020 మార్చిలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఊళ్లు పొలిమేరలో ముళ్లకంపలు అడ్డం వేసుకున్నాయి. మార్చి 22న దేశమంతా వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టింది. ఏప్రిల్ మొదట్లో నెల్లూరుకు చెందిన ఒక డాక్టర్ చెన్నైలో కోవిడ్‌తో చనిపోతే, దహనానికి తీసుకెళ్లినచోట స్థానికులు వద్దని అడ్డుపడ్డారు. మాతో పనిచేసిన ఒక నర్సును ఇంటి ఓనరు రాత్రికి రాత్రి ఖాళీ చేయమన్నారు. ఆ అమ్మాయి వారం రోజులు ఆసుపత్రిలోనే పడుకుంది. ఇవన్నీ చూసినవాళ్లు దగ్గును దాచడం నేర్చుకున్నారు. చేతి రుమాలులో దగ్గడం, బస్సులో గొంతు బిగబట్టడం, అడిగితే అలర్జీ అని చెప్పడం.

దాని ఫలితం టీబీ లెక్కల్లో కనిపించింది. 2019లో దేశంలో దాదాపు 24 లక్షల టీబీ కేసులు నమోదైతే, 2020లో 18 లక్షలే నమోదయ్యాయి. మిగతా ఆరు లక్షల మందికి జబ్బు తగ్గిపోయిందని కాదు, వాళ్లు పరీక్షకు రాలేదు. లాక్‌డౌన్‌లో బస్సుల్లేవు. టీబీ కోసం కొన్న ట్రూనాట్ మిషన్లనే కోవిడ్ పరీక్షలకు వాడాల్సి వచ్చింది. దగ్గుతో వెళ్తే పట్టుకెళ్లి క్వారంటైన్‌లో పడేస్తారన్న భయం ఒకటి. అలా ఆలస్యమైనవాళ్లు తర్వాత రెండు మూడేళ్లపాటు మా ఓపీకి వస్తూనే ఉన్నారు. ఊపిరితిత్తి సగం పాడైపోయాక వచ్చినవాళ్లున్నారు. ఇంట్లో పిల్లలకు అంటించిన తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు.

అత్తయ్య గారిది మొండితనం కాదమ్మా. భర్త ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజుల్లో మన వాళ్లను లోపలికి రానివ్వలేదు. బహుశా ఆవిడ ఆఖరి చూపు కూడా సరిగ్గా చూసుకొని ఉండరు. ఆసుపత్రి అనగానే ఆవిడకు గుర్తొచ్చేది ఆ గేటే. కాబట్టి "ఆసుపత్రికి వెళ్దాం" అని కాకుండా, జరగబోయేది ఉన్నదున్నట్టు చెప్పండి. పొద్దున వెళ్తాం, నేను పక్కనే ఉంటాను, కళ్లె ఇస్తాం, ఎక్స్‌రే తీయిస్తాం, మధ్యాహ్నానికి ఇంటికొస్తాం. టీబీ అని తేలినా చాలామందికి అడ్మిషన్ అవసరం ఉండదు. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు, ఇంట్లోనే వేసుకోవచ్చు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు కూడా బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఆవిడ కోడలి మాట కంటే కొడుకు మాట వింటారంటే ఆయన చేత చెప్పించండి. రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం, మామయ్య గారి గురించి తలచుకొని ఊరికే ఏడవడం ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆవిడకే కాదు, టీవీ చూస్తే టెన్షన్ వస్తోందన్నారు కదా, మీకూ పనికొస్తుంది.

పరీక్షకు మీ పీహెచ్‌సీకి వెళ్లినా చాలు, అక్కడ మిషన్ లేకపోతే ఏరియా ఆసుపత్రికి శాంపిల్ పంపిస్తారు. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి కళ్లె తీయాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా అవుతుంది. ఆ దగ్గడం ఆరుబయట చేయించండి, గదిలో వద్దు. ఛాతీ ఎక్స్‌రే, పరగడుపున, తిన్న తర్వాత షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చూడాలి. ఈలోగా కళ్లెలో రక్తం కనిపించినా, ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మనిషి మత్తుగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా పరీక్షల కోసం చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

రిపోర్టు వచ్చేదాకా ఆవిడ మాస్క్ పెట్టుకుంటే మంచిది, కిటికీలు తీసి ఉంచండి, పిల్లలను ఆవిడ పక్కన పడుకోబెట్టకండి. అంతే. కంచం, గ్లాసు వేరు చేయొద్దు. టీబీ గాలి ద్వారా వస్తుంది, కంచంతో రాదు. 2021లో ఊరు మిమ్మల్ని పెట్టిన దూరం ఇప్పుడు ఇంట్లో ఆవిడకు కనిపించకూడదు. టీబీ అని తేలితే ఇంట్లో అందరికీ పరీక్ష చేస్తారు. మీ నాలుగేళ్ల బిడ్డకు జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. వద్దనకండి.

మీ ప్రశ్నలు. బూస్టర్ గురించి: ఇప్పుడు తొందరపడాల్సిన పని లేదు. అత్తయ్య గారి పరీక్షలు పూర్తయ్యాక ఆ డాక్టర్‌నే అడగండి. ఆవిడ వయసుకి, షుగర్‌కి ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి కూడా అడగాలి. ఇంట్లో మందులంటే పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, ఒక థర్మామీటర్, షుగర్ మిషన్, పనిచేసే ఆక్సీమీటర్ చాలు. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా ఆక్సీమీటర్ తప్పు చూపిస్తుంది. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఒక్క మాత్ర కూడా ఇంట్లో నిల్వ ఉండకూడదు. కషాయం కొద్దిగా తాగితే మామూలుగా నష్టం లేదు, కడుపులో మంట వస్తే మానేయండి. అత్తయ్య గారి దాంట్లో బెల్లం, తేనె వేయకండి. 2021 మేలో కృష్ణపట్నంలో మందు కోసం వేలమంది తోసుకున్నారు. బెడ్ దొరకని రోజులవి, వాళ్ల భయం నాకు అర్థమైంది. ఇప్పుడు మీకు ఆసుపత్రి తెరిచే ఉంది, పరీక్ష ఉచితం. కషాయంతో కాలం గడపాల్సిన అవసరం లేదు.

ఏ మాత్ర ఏ తారీఖున మొదలుపెట్టారు, ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేశారు, గుర్తున్నంతవరకు ఇవాళ రాత్రే ఒక కాగితం మీద రాసిపెట్టండి. పాత చీటీని ఆ కాగితానికి పిన్ చేసి డాక్టర్‌కి ఇచ్చేయండి, మళ్లీ ఇంటికి తేవద్దు. కళ్లె రిపోర్టు, షుగర్ రీడింగులు వచ్చాక నాకు రాయండి, చూసి చెబుతాను.