మొహాలు గుర్తుండకపోతే మతిమరుపు వచ్చినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. నాకు మనుషుల మొహాలు గుర్తుండవు. ఆఫీసులో రోజూ పక్క సీట్లో కూర్చునే ఆమె మొన్న బయట ఎదురైతే ఎవరో అనుకుని పక్కనుంచి వెళ్లిపోయాను. నాకు పొగరని ఆమె అందరికీ చెప్పిందట. మా చెల్లెలు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వస్తే, ఆమె నోరు తెరిచేదాకా పోల్చుకోలేకపోయాను. గొంతు వింటే మాత్రం ఎవరినైనా వెంటనే చెప్పేస్తాను. ఫోన్ నంబర్లు, తేదీలు బాగా గుర్తుంటాయి. చిన్నప్పటి నుంచీ ఇంతే, మా అమ్మకీ ఇలాగే ఉంది. ఇది మతిమరుపుకి మొదలా? స్కానింగ్ చేయించుకోవాలా? మా ఆరేళ్ల పాపకి కూడా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మతిమరుపు కాదండీ, ఆ భయం ముందు పక్కన పెట్టేయండి. మతిమరుపులో మనుషులతో పాటు జరిగిన సంగతులు, చెప్పిన మాటలు, పెట్టిన వస్తువులు కూడా జారిపోతుంటాయి. మీకు అలా లేదు. మీ చెల్లెలు నోరు తెరవగానే ఆమె ఎవరో, ఆమె సంగతులేమిటో అన్నీ తెలిసిపోయాయి కదా. అంటే జ్ఞాపకాలన్నీ ఉన్నాయి, మొహం చూసి వాటిని అందుకోవడం దగ్గరే మీకు తేడా. మీరు రాసినదాన్ని బట్టి ఇది పుట్టుకతో ఉండే ప్రోసోపగ్నోసియాలా అనిపిస్తోంది. తలకు గాయమై మొహాలు గుర్తుపట్టలేకపోతున్నవాళ్లను చూసి జోఆకిమ్ బోడామర్ అనే జర్మన్ వైద్యుడు 1947లో ఈ పేరు పెట్టాడు. ఏ గాయమూ లేకుండా పుట్టుకతోనే ఇలా ఉండేవాళ్లు చాలామంది ఉన్నారని తర్వాత్తర్వాత తెలిసింది, సుమారుగా నూటికి ఇద్దరని అంచనా. దీన్ని కొందరు 'ముఖ అంధత్వం' అని రాస్తారు కానీ నాకు ఆ మాట నచ్చదు, ఎందుకంటే మీకు మొహం శుభ్రంగా కనిపిస్తుంది, అవతలివాళ్లు నవ్వుతున్నారో చిరాకు పడుతున్నారో కూడా తెలుస్తుంది, ఆ మొహం ఎవరిదన్నదే తేలదు.

ఎందుకిలా అంటే, మనం మొహాన్ని కళ్లు, ముక్కు, నోరు అని విడివిడిగా చూసి గుర్తుపట్టం, మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేస్తాం. బాగా తెలిసినవాళ్ల ఫొటోనే తలకిందులుగా పెట్టి చూడమనండి, ఎంతటివాళ్లయినా కాసేపు తడబడతారు. ఆ తడబాటు మీకు నిలువుగా ఉన్న మొహం దగ్గరే వస్తోందనుకోండి. మెదడు అడుగు భాగంలో, ముఖ్యంగా కుడివైపు, మొహాలు చూసినప్పుడు బాగా చురుగ్గా పనిచేసే చోటు ఒకటుంది. దాన్ని ఫ్యూసిఫామ్ ప్రాంతం అంటారు. పుట్టుకతో ఈ తేడా ఉన్నవాళ్లకి మామూలు ఎంఆర్ఐ తీసినా సాధారణంగా ఏమీ కనిపించదు, అందుకే మీకు స్కానింగ్ దండగ. కళ్లద్దాల పవర్ ఒకసారి చూపించుకోండి, చాలు.

అసలు ఈ శక్తి అందరికీ ఒకేలా ఉంటుందనుకోవడమే పొరపాటు. ఎత్తులో పొట్టీ పొడుగూ ఉన్నట్టే ఇందులోనూ ఉంటారు. మీకు పూర్తిగా అవతలి కొసన ఉన్నవాళ్లు, ఎప్పుడో ఒక్కసారి చూసిన మనిషిని ఏళ్ల తర్వాత గుంపులో పట్టేస్తారు. వీళ్లకి 2009లో పరిశోధకులు 'సూపర్ రికగ్నైజర్స్' అని పేరు పెట్టారు. లండన్ పోలీసులైతే సీసీ కెమెరా దృశ్యాల్లో నేరగాళ్లను గుర్తుపట్టే పనికి ఇలాంటివాళ్లను వాడుకున్నారు. (నేను మధ్యలో ఎక్కడో ఉంటాను, పేషెంట్ మొహం కన్నా రిపోర్టు చూశాకే నాకు మనిషి గుర్తొస్తాడు.) పేరున్న న్యూరాలజిస్టు ఆలివర్ సాక్స్‌కీ మీ సమస్యే ఉండేది. గడ్డమున్న ఓ పెద్దమనిషికి తగలబోయానని క్షమాపణ చెప్పి, తీరా చూస్తే అది అద్దంలో తానేనని ఆయనే రాసుకున్నారు. మెదడు గురించి అంత తెలిసిన మనిషికే తప్పలేదంటే, ఇందులో తెలివితేటల పాత్ర ఏమీ లేదన్నమాటే కదా. పొగరు పాత్ర అసలే లేదు.

ఇదంతా చిన్నప్పటి నుంచీ ఉన్నవాళ్లకి. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఉన్నట్టుండి తెలిసిన మొహాలు గుర్తుపట్టలేకపోతే, దానితో పాటు చూపు ఒక పక్క తగ్గినా, మాట తడబడినా, చెయ్యో కాలో బలహీనపడినా పక్షవాతం అయ్యుండొచ్చు, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెద్ద వయసులో మెల్లమెల్లగా మొదలైనా న్యూరాలజిస్టుకి చూపించాల్సిందే.

మందులున్నాయా అంటే, లేవు. జ్ఞాపకశక్తి టానిక్కులంటూ అమ్మేవి ఇందుకు పనికిరావు, డబ్బులు మిగుల్చుకోండి. గొంతు, నడక, కళ్లద్దాలు, నిలబడే తీరు, వీటిని పట్టుకుని మీరు ఇన్నాళ్లూ నెట్టుకొచ్చే ఉంటారు, అదే మంచి పద్ధతి. అన్నిటికన్నా బాగా పనిచేసేది మాత్రం ముందే చెప్పేయడం. ఆ పక్క సీటామెకి కూడా రేపే చెప్పండి: 'నాకు మొహాలు గుర్తుండవు, పుట్టుకతో ఉన్న ఇబ్బంది, బయట కనిపిస్తే మీరే ముందు పలకరించండి' అని. మొదటిసారి సిగ్గుగానే ఉంటుంది. చెప్పకుండా దాచుకుని, ఎవరు ఎదురవుతారోనన్న భయంతో నలుగురిలోకి వెళ్లడం మానేసేవాళ్లను చూస్తుంటాం, అక్కడిదాకా వస్తే కౌన్సెలింగ్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో దొరికే టెస్టులు సరదాకి చేసుకోవచ్చు గానీ, ఒక్క మార్కు చూసి జబ్బని తేల్చేసుకోకండి.

ఇక పాప సంగతి. ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంది, కవలల మీద చేసిన పరిశోధనల్లోనూ వంశపారంపర్యం పాత్ర బాగానే కనబడింది, అలాగని మీ పాపకి వచ్చి తీరుతుందని కాదు. ఆరేళ్లకి మొహాలు గుర్తుపట్టే శక్తి ఇంకా పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఇప్పుడే పరీక్షలు పెట్టి పాపను కంగారు పెట్టొద్దు. ఊరికే గమనిస్తూ ఉండండి. స్కూలు యూనిఫాంలో అందరూ ఒకేలా ఉన్నప్పుడు స్నేహితులను వెతుక్కోలేక ఒంటరిగా నిలబడుతోందా, జనంలో ఎవరినో చూసి మీరేననుకుని వెంట వెళ్లబోతోందా, ఇవి చూడండి. అలాంటివి పదే పదే కనిపిస్తే టీచరుకి చెప్పి, పిల్లల డాక్టరుకి చూపించండి. పాప ఇంటికి వచ్చేవేళ మీరు రోజూ ఒకే చోట నిలబడి, తను చూడగానే మీరే పేరు పెట్టి పిలవండి, మీ ఫోన్ నంబరు కూడా నోటికి వచ్చేలా నేర్పండి.